వాన రాకముందే ఊడ్చాల్సిన యార్డు

రోహిణి ఎండలు మాడుస్తున్నా, ఈ నెల నా బల్ల మీదికి చేరిన ఉత్తరాల్లో నాలుగు వాన గురించే. అందులోనూ పడవలు బాగుచేసే చోట, పడవలు కట్టే రేవులో పడే వాన గురించి. హనుమకొండకు తిరిగి రాకముందు బోస్టన్ దగ్గర ఒక పడవల యార్డులో పదకొండేళ్లు నేను చేసిన ఉద్యోగం ఆ వాన నీటిని కనిపెట్టుకుని ఉండడమే. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ పుటలన్నీ ఈ నాలుగింటికే ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ చదివింది. మసాచుసెట్స్‌లో సముద్రం ఒడ్డున, పడవలు నిలిపి మరమ్మతు చేసే ఒక యార్డులో ఈ మధ్యే చేరింది. వాన నీళ్ల పర్మిట్ పని మొత్తం ఆమెకే అప్పగించారట. ఫోను చేసినప్పుడల్లా ప్రణాళిక, తనిఖీ, నమూనా అంటుంది. వాన పడడానికి ఒకరి అనుమతి ఏమిటి తల్లీ? ఇది పన్ను లాంటిదా? ఏదైనా తప్పు జరిగితే అమ్మాయి మెడకు చుట్టుకుంటుందా? — ఒక తండ్రి, నయీంనగర్, హనుమకొండ

జవాబు: అన్నగారూ, అనుమతి వాన పడడానికి కాదు. పడిన వాన ఆ యార్డు గచ్చు మీద నుంచి ఏమేమి మోసుకుని సముద్రంలోకి దిగుతుందో, దానికి. మీరు నీటిపారుదల శాఖలో పనిచేశారు కాబట్టి మీకు తేలికగా అర్థమవుతుంది. ఆ యార్డును ఒక చిన్న చెరువు పరీవాహక ప్రాంతం అనుకోండి. మన దగ్గర పరీవాహకం నుంచి ఒండ్రు వస్తుంది. అక్కడ ఒండ్రుకు బదులు రాగి, జింకు, సీసం, ఇంజిన్ ఆయిల్, ఫైబర్ పొడి వస్తాయి. అలుగు పారేది మాత్రం నేరుగా చేపల మీదికి, ఆల్చిప్పల మీదికి.

అమెరికాలో పరిశుభ్ర జలాల చట్టం 1972లో వచ్చింది. మొదట్లో ఫ్యాక్టరీ గొట్టం చివర బయటికి వచ్చే నీటి మీదే అందరి దృష్టీ ఉండేది. గొట్టం లేకుండా ఆవరణ అంతటి నుంచీ జారిపోయే వాన నీటిని 1987 సవరణతో స్పష్టంగా చట్టంలోకి తెచ్చారు, 1990లో నియమాలు రాశారు. చాలా రాష్ట్రాల్లో ఈ పర్మిట్లను రాష్ట్ర ప్రభుత్వాలే ఇస్తాయి. మీ అమ్మాయి ఉన్న మసాచుసెట్స్‌లో మాత్రం కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇస్తుంది. రకరకాల పరిశ్రమలన్నిటికీ కలిపి ఒకే సాధారణ పర్మిట్ ఉంటుంది, అందులో ఒక్కో పరిశ్రమకు ఒక్కో విభాగం. పడవలు నిలిపే మరీనాలు నీటి రవాణా విభాగంలోకి, పడవలు తయారుచేసి బాగుచేసే యార్డులు మరో విభాగంలోకి వస్తాయి. పడవ కట్టుకోవడానికి చోటు అద్దెకిచ్చి ఊరుకునే మరీనాకు ఈ పర్మిట్ అక్కర్లేదు. ఇంజిన్ విప్పడం, రంగు వేయడం, అడుగు కడగడం లాంటి పనులు ఎక్కడ జరిగితే అక్కడే కావాలి. 2021 మార్చి 1న అమల్లోకి వచ్చిన పర్మిట్ గడువు ఐదేళ్లు. కాబట్టి ఇప్పుడు తమ యార్డుకు ఏ ప్రతి వర్తిస్తుందో మొట్టమొదట తేల్చుకోమనండి. పాత ప్రతి చూసి కొత్త తనిఖీకి సిద్ధపడిన వాళ్లను నేను చూశాను.

ఇది పన్ను కాదు. అందులో ప్రాణమంతా ఆమె రాసే వర్షపు నీటి కాలుష్య నివారణ ప్రణాళికలో ఉంటుంది. యార్డు పటం గీయాలి. నీరు ఎటు వాలుతుంది, ఏ జాలీలో పడుతుంది, ఎక్కడ బయటికి పోతుంది అన్నది అందులో చూపాలి. ఏ మూల ఏ పని జరుగుతుంది, అక్కడ ఏ సరుకు ఉంటుంది, అది వానలో తడిసే వీలుందా అన్నది రాయాలి. తడవకుండా ఏం చేస్తున్నారో, దానికి ఎవరు జవాబుదారో పేరు రాయాలి. దరఖాస్తు పంపేనాటికే ఈ ప్రణాళిక సిద్ధంగా ఉండాలి. ఆ తరువాత మూడు నెలలకొకసారి యార్డంతా తిరిగి తనిఖీ చేయాలి. ఏడాదిలో కనీసం ఒక తనిఖీ వాన నీరు బయటికి పారుతుండగా జరగాలి. ఏడాదికొక నివేదిక పంపాలి.

మొత్తం చట్టం ఆశించేది ఒకటే: వాన దేన్ని తాకకూడదో దాన్ని తాకనివ్వకండి. సరుకు, పని, చెత్త అన్నిటినీ వానకు తడవని కప్పు కిందికి తెచ్చామని ధ్రువపరిచి, ఐదేళ్లకొకసారి ఆ ధ్రువపత్రాన్ని కొత్తగా ఇచ్చే పరిశ్రమకు అసలు పర్మిట్ నుంచే మినహాయింపు ఉంది. పడవల యార్డుకు అది దాదాపు అసాధ్యం. నలభై అడుగుల పడవలన్నిటినీ ఏ షెడ్డులో పెడతారు? కానీ చూపు మాత్రం అటే ఉండాలి.

ఎందుకంత పట్టింపో చెబుతాను. ఉప్పునీటిలో తిరిగే పడవ అడుగుకు బార్నకిల్స్ అనే పెంకు జీవులు అంటుకుంటాయి. అవి పట్టకుండా రాగి కలిపిన రంగు పూస్తారు. శీతాకాలమంతా ఒడ్డున నిలబెట్టిన పడవలకు ఏప్రిల్, మే నెలల్లో ఆ పాత రంగు గీకి, కొత్తది వేస్తారు. సరిగ్గా అప్పుడు వాన వస్తుంది. బోస్టన్‌లో ఏడాదికి పడే వాన ఇంచుమించు మన వరంగల్ వానంతే ఉంటుంది, కానీ అక్కడ పన్నెండు నెలలూ పంచుకుని పడుతుంది. ఉప్పునీటి జీవులకు లీటరులో 4.8 మైక్రోగ్రాముల రాగి స్వల్పకాలిక హద్దు అని అక్కడి ప్రమాణం. మన లెక్కలో చెప్పాలంటే, ఒక్క గ్రాము రాగి అయిదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు నలభైని ఆ హద్దుకు చేర్చగలదు. ఒక పడవ అడుగు గీకితే రాలేది గ్రాముల్లో కాదు, కిలోల్లో.

ఇక అమ్మాయి మెడకు చుట్టుకోవడం గురించి. పర్మిట్ కంపెనీ పేరు మీద ఉంటుంది, జరిమానా కూడా ఎక్కువగా కంపెనీకే. కానీ నివేదిక కింద ఒక ధ్రువీకరణ వాక్యం ఉంటుంది: తెలిసి అబద్ధం రాస్తే జరిమానా, జైలు కూడా ఉంటాయని. అందుకని చేయని తనిఖీని చేసినట్టు ఎన్నడూ రాయవద్దని మీరు తండ్రిగా గట్టిగా చెప్పండి. ఇది నాకు అనుభవంలో ఉన్న విషయం.

నా రెండో వసంతకాలంలో ఒక శనివారం సాయంత్రం ఇద్దరు పనివాళ్లు ఒక తెరచాప పడవ అడుగు గీకి, కింద పరిచిన తార్పాలిన్ చుట్టకుండా వెళ్లిపోయారు. చూడాల్సిన బాధ్యత నాది. నేను ఆ రోజు ఆ వరుస వైపు పోనే లేదు. తెల్లవారుజామున వాన. నీరు బయటికి పారడం మొదలైన అరగంటలోపు నమూనా పట్టాలి, అంతకుముందు వానకూ దీనికీ కనీసం 72 గంటల ఎడం ఉండాలి. రెండూ కుదిరాయి కాబట్టి గొట్టం చివర మోకాళ్ల మీద కూర్చుని గాజుసీసా నింపాను. సీసాను తెల్లకాగితం ముందు పట్టుకుని ఎనిమిది విషయాలు చూడాలి: రంగు, వాసన, తేట, పైన తేలే చెత్త, నీటిలో వేలాడే నలుసులు, అడుగున దిగే మడ్డి, నురుగు, నూనె తళుకు. మొదట నీరంతా పలుచని నీలం. పది నిమిషాలకు పైన తేటబడింది, సీసా అడుగున వేలి మందాన నీలం మడ్డి కూర్చుంది. సీసా వంచితే అది ఒక్కముద్దగా, నెమ్మదిగా జారింది. ఆ నీలం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

యజమాని చూసి, అది పారబోసి వచ్చే వానలో ఇంకోటి పట్టమన్నాడు. నేను పారబోయలేదు. చూసింది చూసినట్టు రాశాను, కారణం రాశాను, ఆ రోజే ఏం సరిచేశామో రాశాను. ఆ తరువాత ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి ఆ పుట దగ్గర చాలాసేపు ఆగాడు. చివరికి అడిగింది ఒక్కటే: ఇప్పుడు శనివారాలు ఎవరు చూస్తున్నారు? నా దగ్గర జవాబు ఉంది. చూసి, రాసి, సరిచేసిన యార్డుకు ఈ పర్మిట్ శత్రువు కాదు అన్నగారూ.

ప్రశ్న: (అదే ఉత్తరం వెనుక వైపు, వేరే సిరాతో) మరిచాను తల్లీ. నిన్న ఫోనులో ఏడ్చింది. ప్రయోగశాల నివేదికలో జింకు హద్దు దాటిందట. మేం జింకు వాడే పనే లేదు నాన్నా అంటుంది. ఉద్యోగం పోతుందా?

జవాబు: పోదు. ఏడవద్దని చెప్పండి. ఆ హద్దు బెంచ్‌మార్క్, అంటే పోల్చి చూసుకునే కొలబద్ద. సముద్రంలోకి పోయే నీటికి జింకు బెంచ్‌మార్క్ లీటరుకు 90 మైక్రోగ్రాములు. అది దాటితే దానంతట అదే పర్మిట్ ఉల్లంఘన కాదు. నాలుగు త్రైమాసికాల సగటు దాటితే, లేదా ఒక్కసారే నాలుగు రెట్లు మించి వస్తే, ప్రణాళికను మళ్లీ పరిశీలించి అదనపు చర్యలు చేపట్టాలి. తొలి మెట్టులో అందుకు 14 రోజులు, అప్పటికి సాధ్యం కాకపోతే 45 రోజుల దాకా గడువు. ఆ గడువులో ఏమీ చేయకపోతేనే ఉల్లంఘన.

జింకు వాడడం లేదన్న మాట దగ్గరే ఆమె ఆగిపోతోంది. తల పైకెత్తి చూడమనండి. షెడ్డు పైకప్పు రేకులకు జింకు పూత ఉంటుంది. చుట్టూ కంచె తీగకు ఉంటుంది. పడవలకు తుప్పు పట్టకుండా బిగించే ముద్దలు జింకువే, పాతవి విప్పి ఏ మూలో కుప్ప పోసి ఉంటారు. రేవు గోడకు వేలాడదీసిన టైర్లలోనూ జింకు ఉంది. పాత రేకు మీద పడే వాన కాస్త ఆమ్లంగా ఉంటే చాలు, పూత కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటుంది.

అందుకని వచ్చే వానకు రెండు సీసాలు పట్టమనండి. ఒకటి పైకప్పు నీరు దిగే గొట్టం నోటి దగ్గర, అది ఇంకా నేలను తాకకముందే. రెండోది ఎప్పుడూ పట్టే చోట. రెండూ ప్రయోగశాలకు పంపి పోల్చి చూస్తే దొంగ పైన ఉన్నాడా కింద ఉన్నాడా తేలిపోతుంది. పైకప్పే అయితే దానికి జింకు లేని రంగు పూయించవచ్చు, లేదా ఆ గొట్టం నీటిని మట్టి, కంకర, మొక్కలు ఉన్న తొట్టెలోకి మళ్లించవచ్చు. జింకును మట్టి చాలావరకు పట్టి ఉంచుతుంది. నేను పనిచేసిన చోట నీళ్లు అయిదేళ్లు గచ్చు మీద పోతుంటే గచ్చునే తిట్టుకున్నాం, తీరా చూస్తే రేకులది ఆ పాపం.

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. నేను పదిహేనేళ్లుగా ఫైబర్ పడవలు బాగుచేస్తున్నాను. షికారు పడవలు, తొక్కుడు పడవలు, అప్పుడప్పుడు చేపలు పట్టేవాళ్ల పుట్టీలు వస్తాయి. చెరువుకు ఎగువన పది గుంటల జాగాలో రేకుల షెడ్డు ఉంది. గ్రైండరు పొడి, రంగు, ఇంజిన్ ఆయిల్ అన్నీ ఉన్నవే. మా జాగాలో నీళ్లు ఒక ఎండిన వాగులోకి పోతాయి. ఎవరూ ఇంతవరకు అడగలేదు. అమెరికాలో ఇలాంటి షెడ్లకు చాలా నియమాలు ఉంటాయని మా బావమరిది చెప్పాడు. మనకు ఏమైనా వర్తిస్తాయా? డబ్బు పెద్దగా పెట్టలేను. — ఒక మెకానిక్, గోవిందరావుపేట మండలం, ములుగు జిల్లా

జవాబు: తమ్ముడూ, ఎవరూ అడగకముందే నువ్వు అడిగావు. ఈ నెల ఉత్తరాల్లో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది నీదే.

ముందు చట్టం. వాన నీటికంటూ అమెరికాలో ఉన్నటువంటి విడి పర్మిట్ మన చట్టంలో లేదు. కానీ 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ఉంది. దాని 24వ సెక్షన్ ప్రకారం విషపూరితమైన, కాలుష్యం కలిగించే పదార్థాన్ని తెలిసి ప్రవాహంలోకి పోనివ్వకూడదు. ప్రవాహం అంటే ఏమిటో అదే చట్టం నిర్వచించింది: నది, సహజమైన లేదా కట్టిన జలాశయం, భూగర్భజలం, ఇంకా పారుతున్నా, ఆ సమయానికి ఎండి ఉన్నా సరే, నీటి దారి. నీ ఎండిన వాగు ఆ మాటలోనే ఉంది. అది వేసవిలో దారిగా కనిపిస్తుంది, ఆరుద్ర కార్తెలో వాగవుతుంది, చట్టానికి ఎప్పుడూ వాగే. నీ షెడ్డుకు సమ్మతి పత్రం (షెడ్డు నడపడానికి మండలి ఇచ్చే అనుమతి) కావాలా, కావాలంటే ఏ వర్గంలో అన్నది వరంగల్‌లోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా అడుగు. వాడిన ఇంజిన్ ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి, సాధారణంగా 90 రోజులకు మించి నిలవ పెట్టకూడదు. పాత బ్యాటరీలకు 2022 నియమాలు వేరే ఉన్నాయి. అవి కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయడం నీకు సుళువు.

నీ చెరువు గురించి నీకు నేను చెప్పేదేముంది. లక్నవరం, రామప్ప, పాకాల, అన్నీ కాకతీయుల కాలం నాటివి. గొలుసుకట్టుగా ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా కట్టిన నేల ఇది. నీ షెడ్డులో రాలింది ఏ ఊరి మడిలో తేలుతుందో ఎవరికి తెలుసు.

లెక్క చూద్దాం. పది గుంటలంటే సుమారు వెయ్యి చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అంటే 25 మి.మీ. వానకు నీ జాగా మీద పాతిక వేల లీటర్లు, అయిదు ట్యాంకర్లు. అంత నీటిని శుద్ధి చేయడం నీ వల్ల కాదు, పెద్ద యార్డుల వల్లే కాదు. అందుకే నీటి వెంట పడకు. నీరు రాకముందు నేల సంగతి చూడు. డబ్బు పెట్టలేనన్నావు, ఇందులో సగం పనులకు చీపురు, తార్పాలిన్ చాలు.

గ్రైండింగ్‌తో మొదలుపెట్టు. షెడ్డులో కప్పు బాగున్న మూల ఒకటి ఎంచుకో, పొడి పని అక్కడే జరగాలి. పడవ కింద తార్పాలిన్ పరిచి, అంచులు జానెడు ఎత్తున ఇటుకల మీదికి లేపు. పొడిని పీల్చే సంచి ఉన్న గ్రైండరు, లేదా గ్రైండరుకు తగిలించే వాక్యూమ్ దొరుకుతుంది. ఒక్క వస్తువు మీద డబ్బు పెడితే దాని మీదే పెట్టు. అది చెరువుకే కాదు, నీ ఊపిరితిత్తులకూ కావాలి. పదిహేనేళ్లు ఫైబర్ పొడి పీల్చినవాడివి, మాస్కు లేకుండా ఇక ఒక్కరోజూ చేయవద్దు. సాయంత్రం దీపం పెట్టే వేళకు తార్పాలిన్ మధ్యలోకి మడిచి, పొడిని సంచిలోకి ఎత్తు. నేలను చీపురుతో ఊడ్చు. నీళ్లు కొట్టి కడగకు. పైపుతో కడిగితే శుభ్రంగా కనిపిస్తుంది కానీ వాన చేయబోయే పనిని నువ్వే ముందు చేసినట్టు.

పడవ కడిగిన నీరు వాన నీరు కాదు. అమెరికా పర్మిట్‌లో కూడా ప్రెషర్ వాషర్ నీటికి అనుమతి లేదు, దాన్ని విడిగా పట్టుకోవాల్సిందే. పడవ అడుగులో చేరిన మురికి నీటికీ అంతే. కడగడానికి ఒక చిన్న గచ్చు వేయించు, ఒక మూలకు వాలు, చుట్టూ బెత్తెడు గట్టు. వాలు చివర మూడు గదుల తొట్టె. మొదటి గదిలో మడ్డి దిగుతుంది, రెండో గదిలో ఇంకొంచెం. రెండో గది నుంచి మూడో గదికి నీరు అడుగు నుంచి పోయేలా వంపు గొట్టం పెడితే నూనె పైనే ఆగిపోతుంది. మూడో గది నీటితోనే మళ్లీ కడుగు. మడ్డిని ఎండబెట్టి, మూత ఉన్న డబ్బాలో కప్పు కింద ఉంచు. చెరువు మట్టిలో కలిపి పొలానికి తోలవద్దు. పూడిక మట్టి పొలానికి బలమని మనకు అలవాటు, కానీ ఇది ఆ మట్టి కాదు.

రంగు విషయంలో నీకు ఒక మేలు ఉంది. బార్నకిల్స్ ఉప్పునీటి జీవులు. మన చెరువుల్లో అవి లేవు. కాబట్టి సముద్రపు పడవలకు పూసే రాగి రంగు నీ పడవలకు అక్కర్లేనే అక్కర్లేదు. మెరైన్ రకం, ఎక్కువ రోజులు ఆగుతుంది అని దుకాణదారు చూపిస్తాడు. డబ్బా వెనుక క్యూప్రస్ ఆక్సైడ్ అని కనిపిస్తే తిరిగి ఇచ్చేయి. మన పడవలకు పట్టేది నాచు, జిగురు. వారానికొకసారి ఒడ్డుకు లాగి, మెత్తని స్పాంజితో తుడిస్తే పోతాయి. అక్కడ మేం ప్రాణాలు పెట్టి అదుపు చేసిన విషాన్ని నువ్వు అసలు కొనకుండానే ఉండవచ్చు.

రెజిన్ అవసరానికి మించి కలపకు. మిగిలితే గట్టిపడనిచ్చి, గట్టిపడిన ముక్కగానే పారెయ్యి. ద్రవంగా గుంతలో పోయవద్దు. అసిటోన్ డబ్బాకు మూత ఎప్పుడూ ఉండాలి. హార్డెనర్‌ను దానికి, ఎండకు దూరంగా ఉంచు.

ఇక ఆయిల్. కాలిన ఆయిల్‌ను బండి చెక్కలకు, గుంజలకు చెద పట్టకుండా పూయడం మన దగ్గర ఉంది. దుమ్ము లేవకుండా నేల మీద చల్లడమూ చూశాను. మీ నాన్న కూడా చేసి ఉంటాడు, మా నాన్న చేశాడు. ఇక మానేద్దాం. డ్రమ్ము పగిలినా ఆయిల్ మొత్తం ఆగేంత పెద్ద ఇనుప ట్రేలో డ్రమ్ము నిలబెట్టు. కప్పు కింద, నేల మీద కాకుండా ఎత్తైన దిమ్మె మీద ఉంచు. ఎంత ఎత్తు అని అడుగుతావు. 2023 జులై 27 ఉదయానికి మీ జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. నీ పది గుంటల మీద అది ఆరున్నర లక్షల లీటర్లు. ఆ రోజు నీ షెడ్డులోకి నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీద మరక ఇంకా ఉండే ఉంటుంది. డ్రమ్ములు, రంగు డబ్బాలు, బ్యాటరీలు ఆ మరకకు పైన ఉండాలి.

మృగశిర వచ్చేలోపు ఒక పని చెయ్యి. పెద్ద కాగితం మీద నీ జాగా పటం గీయి. వాలు ఎటో బాణాలు వెయ్యి. ఎక్కడ ఏ పనో రాయి. అమెరికాలో ఆ అన్నగారి కూతురు కంప్యూటర్‌లో చేస్తున్నది ఇదే. తొలకరి పడినప్పుడు గొడుగు పట్టుకుని వాగులో నీ నీళ్లు కలిసే చోటికి వెళ్లి ఒక గాజుసీసా నింపు. పైన చెప్పిన ఎనిమిది విషయాలు చూసి, తేదీ వేసి రాసుకో. నీకే తెలుస్తుంది ఎక్కడ ఊడ్చలేదో. ఆ పటం, ఆ సీసాలో కనిపించింది నాకు రాసి పంపు, తమ్ముడూ. వచ్చే సంచికలో చోటు ఉంచుతాను.

ప్రశ్న: మేడమ్, పడవలు కడగడానికి బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సబ్బు వాడితే చెరువులోకి వదిలినా పర్వాలేదు కదా? — ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: పర్వాలేదు అనలేను. ఆ మాటకు అర్థం కొన్నాళ్లకు సూక్ష్మజీవులు దాన్ని విరగగొడతాయని మాత్రమే. ఆ కొన్నాళ్లలోపే అది చేప మొప్పల మీది జిగురు పొరను దెబ్బతీస్తుంది. పడవకు పట్టిన గ్రీజును కూడా కరిగించి నీటిలో కలుపుతుంది. ముందు పొడిగుడ్డతో తుడవండి, తరువాత సబ్బు లేని నీరు, అదీ ఒడ్డున, గచ్చు మీద.

ప్రశ్న: అక్కా, మానేరు డ్యామ్ నీళ్ల మీద ఆధారపడి బతికే మత్స్యకారుల కుటుంబం మాది. మా ఆయన వల వేసే చోట, ఇంజిన్ పడవలు ఆగే రేవు పక్కన, నీటి మీద రంగురంగుల పొర తేలుతోంది. పడవల వాళ్లను అడిగితే అది ఆయిల్ కాదు, నీటి తుప్పు అంటున్నారు. మొన్న ఒకబ్బాయి సబ్బు పొడి చల్లాడు, పొర మాయమైంది. ఇక బాగుపడినట్టేనా? — ఒక సోదరి, కరీంనగర్

జవాబు: చెల్లీ, బాగుపడలేదు. సబ్బు పొడి నూనెను తీసేయదు, చిన్నచిన్న బొట్లుగా విరగగొట్టి నీటి లోపలికి తోస్తుంది. పైన ఉన్నప్పుడు చేప దాని కింద నుంచి ఈదిపోగలిగేది, ఇప్పుడు దానిలోనే ఈదాలి. అమెరికాలో నూనె తళుకు మీద ఇలా సబ్బు చల్లడమే చట్టవిరుద్ధం. ఆ అబ్బాయి చెడ్డ ఉద్దేశంతో చేసి ఉండడు, కానీ ఇంకోసారి చల్లనివ్వకండి.

వాళ్లు చెప్పే నీటి తుప్పు అనేది నిజంగానే ఉంది. ఇనుము ఉన్న నీటిలో కొన్ని బ్యాక్టీరియా ఇలాంటి రంగుల పొరనే కడతాయి, అది హాని చేయదు. ఏదో తేల్చడానికి ఒక ఎండు పుల్ల చాలు. ఉదయం గాలి లేనప్పుడు పొరను పుల్లతో అడ్డంగా చీల్చండి. గాజుపెంకు పగిలినట్టు కోణాలుగా ముక్కలై, ముక్కలు దేనికది విడిగా తేలితే అది బ్యాక్టీరియా పొర. పుల్ల తీసీ తీయగానే చీలిక మూసుకుని, రంగులు సుడి తిరుగుతూ మళ్లీ ఒక్కటైతే అది ఆయిల్. వేలు ముంచి వాసన చూస్తే పెట్రోలు, డీజిల్ వాసన దాగదు.

ఆయిల్ అయితే రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, టూ-స్ట్రోక్ ఇంజిన్లు. పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే పాత ఇంజిన్ తాగిన ఇంధనంలో కొంత భాగాన్ని కాల్చకుండానే పొగతోపాటు నీటిలోకి వదులుతుంది. రెండు, పడవ అడుగున చేరిన నీరు. ఇంజిన్ కారుడు అంతా అందులో చేరుతుంది, పొద్దున్నే మగ్గుతోనో పంపుతోనో దాన్ని రేవులోనే తోడేస్తారు. రెండో దాన్ని రేపటి నుంచే ఆపవచ్చు. నూనెను మాత్రమే పీల్చుకుని నీటిని పీల్చని మెత్తలు దొరుకుతాయి, పడవ అడుగున ఒకటి వేసి ఉంచితే తోడేముందే ఆయిల్ దానికి పడుతుంది. లోతట్టు జలాల్లో తిరిగే పడవలకు కేంద్రం 2021లో చేసిన చట్టంలో కాలుష్యం గురించి ఒక అధ్యాయమే ఉంది. ఆ మాట రేవు నడిపేవాళ్లకు మర్యాదగానే గుర్తుచేయండి.

వాళ్లు వినకపోతే ఒంటరిగా వెళ్లకండి. మీ మత్స్య సహకార సంఘం పేరుతో కాలుష్య నియంత్రణ మండలికి, జలాశయాన్ని చూసే నీటిపారుదల అధికారులకు ఒకే ఉత్తరం రెండు ప్రతులు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఉత్తరంలో కోపం కన్నా వివరాలు ఎక్కువ ఉండాలి: ఏ తేదీ, ఎన్ని గంటలకు, రేవుకు ఎంత దూరంలో, పుల్లతో చీలిస్తే ఏమైంది, ఆ రోజు వలలో ఏం పడింది. ఫోనుతో ఫొటో తీసేటప్పుడు రేవు మెట్లు కూడా అందులో కనిపించేలా తీయండి, లేకపోతే అది ఏ నీరో ఎవరూ ఒప్పుకోరు. ఒక గాజుసీసాను, ప్లాస్టిక్‌ది కాదు, పొర మీదుగా అడ్డంగా ముంచి నింపి, మూత బిగించి, చీటీ అంటించి, చల్లని చోట చీకట్లో ఉంచండి. అధికారి వచ్చినప్పుడు ఆ సీసా చూపించి, ఆయన ఎదుట అదే చోట ఇంకొకటి నింపమని అడగండి.